టోపీ తీయని అల్లుడు

హిందూపురం,
నవంబరు 10.

ఫర్హానా అక్కకు రియాజ్ రాయునది.

వాట్సాప్ ఉండగా ఉత్తరమేమిటని బెదరకు. ఇంట్లో ఎవరూ పోలేదు. పోతున్నది నా జుట్టొక్కటే.

ఫోనులో చెబుదామంటే నీ ఫోను నీ చేతిలో ఉండే గడియ ఏదో నాకు తెలియదు. పొద్దున మీ అత్తగారి దగ్గర, సాయంత్రం పిల్లల దగ్గర, మిగతా వేళ ఛార్జింగులో ఉంటుంది. మొన్న "అక్కా, నడినెత్తిన బాగా పల్చబడింది, ఏం చేయాలి?" అని నేను పెట్టిన మెసేజికి మీ అత్తగారు నవ్వు బొమ్మ పంపించారు. అందుకే మీ బడి అడ్రసుకు రాస్తున్నాను.

గోరంట్ల సంబంధం ఎందుకు తప్పిపోయిందో అమ్మ నీకు ఏదో వేరేగా చెప్పి ఉంటుంది. జరిగింది ఇదీ. నేనూ నాయనా మంచం మీద పక్కపక్కన కూర్చున్నాం. నాయన తలకు తువాలు చుట్టుకున్నాడు. నేను ఏమీ చుట్టుకోలేదు. లోపలి నుంచి పిల్ల వాళ్ల అవ్వ వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "పిల్లోని నాయన వచ్చినాడు, సరే. పిల్లోడు యాడప్పా? బండి పెట్టను పోయినాడా?" అని అడిగింది. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఆ తర్వాత కాఫీ ఇచ్చారు గానీ పిల్లను చూపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన ఒకటే నవ్వు. "నాకు ఇరవై ఐదుకే రాలిపాయె. మీ యమ్మ యాడికన్నా పారిపోయిందా?" అంటాడు. అమ్మ తన తలను చూసింది పెళ్లయ్యాకేనన్న సంగతి ఆయన మరిచిపోయాడు.

వారం నుంచి ఉల్లిపాయ రసం పూస్తున్నాను. మన పరుపుల కొట్టుకు వచ్చినవాళ్లు దూది నాణ్యం చూడటం మానేసి లోపల ఏం వండుతున్నారని అడుగుతున్నారు. అంతకు ముందు ఫోనులో చూసి ఏదో అడవి నూనె తెప్పించాను. ప్రకటనలో ఒకాయనకు మోకాళ్ల దాకా జుట్టుంది. నాకు దిండు గలేబుల నిండా జిడ్డు మిగిలింది. రేపు చర్మం డాక్టరు దగ్గరికి పోతున్నాను.

ఇదంతా నవ్వుతూ రాస్తున్నాను గానీ, గోరంట్ల నుంచి వచ్చిన రోజు ఏడ్చాను అక్కా. ఇంకొక్క సంబంధం ఇట్లా పోతే నేను మళ్లీ పెళ్లిచూపులకు పోను. ఈ మాట అమ్మకు చెప్పొద్దు.

నీ తమ్ముడు,
రియాజ్


ధర్మవరం,
నవంబరు 18.

చిరంజీవి రియాజుకు,

నీ ఉత్తరాన్ని మా బడి ఆయా శారదమ్మ స్టాఫ్ రూములో అందరి ముందూ ఇచ్చింది. "ఈ కాలంలో ఉత్తరాలు రాసేది కోర్టోళ్లే గదా టీచరమ్మా. భూమి తగాదానా?" అంది. అవును శారదమ్మా, మా తమ్ముడి భూమి ఒకటి బీడు పడిందని చెప్పాను. "పాపం, వానల్లేవు" అని ఆమె నిజంగానే బాధపడింది.

ఉల్లిపాయ రసం సంగతి చదివి నాకు జాలి వేసింది, ఉల్లిపాయ మీద. మన సీమలో అది పెరగడానికి ఎంత కష్టపడుతుంది! తీరా పెరిగి వచ్చాక నీ నెత్తిన పడాలని రాసి ఉంది. ఆ అవ్వ మాటకు కూడా అంత ఏడవక్కర్లేదు. నాయన నిన్ను ఎప్పుడూ "పెద్దమనిషివి ఎప్పుడైతావురా" అని తిట్టేవాడు. ఒక్క పూటలో చేసి చూపించావు.

నాకు ఇవన్నీ తెలియవు నాయనా. అమ్మ పోలిక నాకొచ్చింది, నాయన పోలిక నీకొచ్చింది. పంపకంలో మోసం జరిగిందంటే పెద్దమనుషుల్ని పిలుద్దాం. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనని ఊరికే అన్నారా?

అయినా డాక్టరు ఏం చెప్పాడో వివరంగా రాయి. ఏ మందు, ఎంత పూయాలి, ఎన్నాళ్లకు తెలుస్తుంది, ఆడవాళ్లకు కూడా అదే ఇస్తారా, అన్నీ రాయి. మా స్టాఫ్‌లో ఒకావిడ అడుగుతోంది.

మీ అక్క,
ఫర్హానా


హిందూపురం,
డిసెంబరు 22.

అక్కకు,

డాక్టరు నా తలను లైటు కింద ఒక నిమిషం చూసి "వంశపారంపర్యం" అన్నాడు. ఆ మాట నాయన బస్సులోనే ఉచితంగా చెప్పాడు.

మందు ఒక సీసా, ఒక మాత్ర. సీసాలోది రెండు పూటలా ఒక్కో మిల్లీలీటరు నెత్తికి పూయాలి. మొదటి నెలా రెండు నెలలు ఉన్నది కూడా రాలుతుందట. భయపడి ఆపకూడదట. ఆరు నెలలు ఓపిక పట్టాలి. కొందరికి వస్తుంది, కొందరికి ఉన్నది నిలబడుతుంది, కొందరికి ఏదీ లేదు. వస్తే జీవితాంతం పూస్తూనే ఉండాలి, ఆపితే వచ్చింది కాస్తా పోతుంది. ఇది మందా, పెళ్లా అని అడిగాను. డాక్టరు నవ్వలేదు. ఆయనకు రెండూ ఉన్నట్టున్నాయి.

మీ స్టాఫ్ ఆవిడకు చెప్పు. ఆడవాళ్లకు ముందు రక్త పరీక్ష చేసి, కారణం తెలుసుకుని, తక్కువ మోతాదులో ఇస్తారట. మాత్ర మాత్రం వద్దు. కడుపుతో ఉన్నవాళ్లయితే పగిలిన మాత్రను ముట్టుకోను కూడా కూడదన్నాడు.

డాక్టరు కన్నా బయట బెంచీ మీద ఎక్కువ వైద్యం జరుగుతుంది. ఒకాయన "ఆ మాత్ర మింగితే సంసారానికి పనికిరావు" అని నన్ను భయపెట్టాడు. పక్కాయన "రెండేండ్ల నుంచి మింగుతాండా, ఇద్దరు పిల్లోళ్లు" అన్నాడు. ఇంకొకాయన తన రక్తమే తీసి, గిరగిరా తిప్పి, మళ్లీ తన తలలోకే సూదులతో ఎక్కించుకున్నాడట. "నా రక్తం నాకే అమ్మినారప్పా. దుడ్లు గూడా నావే" అన్నాడు. జుట్టు వచ్చిందా అంటే, వచ్చినట్టే ఉందన్నాడు. ఆయనకు తప్ప ఎవరికీ కనపడలేదు.

డాక్టరు మాట నిలబెట్టుకున్నాడు. ఉన్నది రాలిపోతోంది. కొట్టులో దూది ఎగిరి నెత్తిన పడుతోందని వంక పెట్టి, తెల్ల నమాజు టోపీ ఒకటి తెచ్చి పెట్టుకున్నాను. ఇక అసలు సంగతి విను.

పోయిన ఆదివారం పెనుకొండలో మనవాళ్ల పెళ్లికి పోయాను. విందులో నా నెత్తి మీదే ఫ్యాను ఉంది. టోపీ ఎగరకుండా ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో బిర్యానీ తిన్నాను. ఎదురుగా ఎరువుల కొట్టు సాబ్జాన్ గారు కూర్చున్నారు. ఆయన నన్నే చూస్తూ పక్కవాళ్లతో, "చూడు, తినేటప్పుడు గూడా టోపీ ఇడిసిపెట్టలే పిల్లోడు. ఈ కాలంలో ఇంత దీను, ఇంత భక్తి ఉండేటోళ్లు యాడుండారు?" అన్నారట. నిన్న వాళ్లింటి నుంచే సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సైమా, ఆసుపత్రి ల్యాబులో పని. అమ్మ సంతోషంతో రెండు సార్లు పాయసం చేసింది.

అక్కా, నేను శుక్రవారం నమాజుకే పరుగెత్తుకుంటూ పోయేవాణ్ని. ఇప్పుడేం చేయాలి?

రియాజ్


ధర్మవరం,
డిసెంబరు 30.

మహాభక్తుడు రియాజ్ సాహెబు గారికి,

ధర్మవరం పాపాత్మురాలు ఫర్హానా సలాములు. మీ దువాలో మమ్మల్ని గుర్తుపెట్టుకోగలరు.

నవ్వి నవ్వి చెప్తున్నా, ఇక నవ్వకుండా విను. పెనుకొండకు పోయి ఆ అమ్మాయికి నిజం చెప్పు. టోపీ తీసి చూపించు. ఇష్టమైతే చేసుకుంటుంది, లేకుంటే లేదు. గోరంట్లలో నీ తలను చూసి వద్దన్నారు, అది వాళ్ల ఇష్టం. ఇక్కడ నీ తలను చూడకుండానే ఔనంటున్నారు. ఇది మోసం. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం విన్నాను గానీ, బోడిగుండుకూ భక్తికీ ముడిపెట్టినవాణ్ని నిన్నే చూస్తున్నా.

ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకోవడానికి ఇంత భయమెందుకురా? తలే కదా. ఎన్నాళ్లని కప్పుతావు?

ఇంకో మాట. మీ బావకు కూడా ఈ మధ్య రాలుతోంది. ఆయనకు సిగ్గు, డాక్టరు దగ్గరికి రాడు. నువ్వు వాడే సీసాల్లో ఒకటి బడి అడ్రసుకు పంపు. మాత్రలు వద్దు. ఫోనులో మాత్రం బావను అడగకు, నొచ్చుకుంటాడు.

ఫర్హానా


హిందూపురం,
ఫిబ్రవరి 27.

అక్కకు,

సీసా పార్సిల్లో పంపాను, అందే ఉంటుంది. బావను రోజూ పూయమను. మధ్యలో ఆపితే లాభం లేదు.

నిశ్చితార్థానికి పిల్లల జ్వరాల వల్ల నువ్వు రాలేకపోయావు గాని, వస్తే చూసేదానివి. టోపీతో పోయాను, టోపీతో తిన్నాను, టోపీతో ఉంగరం తీసుకున్నాను. నిజం చెప్పాలనే పోయాను. సైమా వచ్చి కూర్చుంది. ఒక్కసారి తలెత్తి నన్ను చూసి గభాల్న కళ్లు దించేసింది. ఆ కళ్లలో భయం ఉంది అక్కా. టోపీ జరిగి ఏమన్నా కనిపించిందేమోనని దాన్ని ఇంకా కిందికి లాక్కున్నాను. ఇక నిజం చెప్పలేదు. అమ్మాయి నాకు నచ్చింది. నచ్చకపోయి ఉంటే ఈపాటికి చెప్పేసేవాణ్ని.

నమాజు చేయబోతే మసీదు మీద పడ్డట్టుంది నా బతుకు. సాబ్జాన్ మామ రోజూ తెల్లారకముందే ఫజర్ నమాజు వేళకు ఫోను చేసి "లేచినావా అల్లుడా?" అంటాడు. లేవకుండా ఎట్లా ఉంటాను? ఆయన చెప్పడంతో మా వీధి మసీదువాళ్లు కూడా నన్ను గుర్తించారు. రంజాన్ నెలంతా ఇఫ్తారు గంజి పంపకం నాకు అప్పజెప్పారు. మొన్న ఒక పెద్దాయన తన మనవడికి నన్ను చూపించి "ఆ అన్నలాగా ఉండాల" అన్నాడు.

పక్క చెప్పుల కొట్టు మసూద్ పోయినేడాది బెంగళూరులో జుట్టు నాటించుకున్నాడు. వెనక మడి నుంచి నారు పీకి ముందు మడిలో నాటినట్టేనట. వారం పైగా కూర్చునే నిద్రపోయాడు. నాటింది మూడో వారం రాలిపోతే మసూద్ నాకన్నా ముందే టోపీ పెట్టుకుని తిరిగాడు. తొమ్మిది నెలలకు మళ్లీ వచ్చింది. బాగుంది, అబద్ధం చెప్పకూడదు. కానీ మిగిలినది రాలకుండా మాత్ర మింగుతూనే ఉండాలట. మన వీధి పవన్ కుమార్ అతికించుకునే విగ్గు తెచ్చాడు. హైవే మీద టీ కొట్టు దగ్గర ఆగి హెల్మెట్ తీస్తే జుట్టు హెల్మెట్‌లో ఉండిపోయింది. టీ కొట్టాయన టీకి డబ్బులు కూడా తీసుకోలేదట.

నాకు ముందర కొంచెం నూగు వచ్చింది. లైటు కింద నిలబడి, తల వంచి, ఊపిరి బిగబడితే కనిపిస్తుంది. పెళ్లి మే నెలలో. అప్పటికి ఏమన్నా మొలుస్తుందేమో చూద్దాం. తొందరపెట్టకు.

రియాజ్


ధర్మవరం,
మార్చి 9.

రియాజూ,

సీసా అందింది. మీ బావకు పనిచేస్తోందా అని మాత్రం అడగకు.

నిన్న సైమా ఫోను చేసింది. ఎంత మర్యాదగా మాట్లాడిందో! చివరికి మెల్లగా "వదినా, ఒకటి అడుగుతా. ఆయన ఇంట్లో గూడా అంతేనా? టోపీ ఎప్పుడూ తీయరా?" అని అడిగింది. అనుమానం వచ్చిందనుకున్నాను. అక్కడే చెప్పేయాలి. కానీ ఒకవేళ చెప్తే, ఆ సంబంధం నా నోటితో పోతే, నువ్వు మళ్లీ ఏడుస్తావు. అందుకని "మావాడు నమాజు బాగా చేస్తాడమ్మా" అన్నాను. ఆ అమ్మాయి "సరే వదినా" అని పెట్టేసింది. ఆ "సరే" నాకు బాగా అనిపించలేదు.

నీ వల్ల ఉపవాసం ఉండి అబద్ధమాడాను. ఆ పాపం కూడా నీ టోపీ కిందే దాచుకో.

పరీక్షలో ప్రశ్న తెలియకపోతే ఖాళీగా వదిలేసే పిల్లల్ని నేను క్షమిస్తాను. చుట్టూ గీతలు గీసి బొమ్మలు వేసేవాళ్లను క్షమించను. నువ్వు రెండో రకం. చెప్పు. చెప్పు. చెప్పు.

ఫర్హానా


హిందూపురం,
ఏప్రిల్ 2.

అక్కా!

దేవుడు ఉన్నాడు. నా బట్టతలను చూసి ఆయనే దారి చూపించాడు.

సాబ్జాన్ మామ నిన్న ఫోను చేశాడు. కూతురికి దీనున్న పిల్లోడు దొరికితే, పెళ్లికి ముందు అల్లుడితో కలిసి వాళ్ల ఊరి బయట దర్గాలో తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడట. "ఈ గురువారం కాదు, పై గురువారం రాప్పా అల్లుడా. ఇద్దరం గుండు కొట్టించుకుందాం" అన్నాడు.

అర్థమైందా? గుండు! గుండుకు ముందర లేదు, వెనక లేదు. గుండులో అందరూ సమానమే. పెళ్లి రోజుకు జుట్టెందుకు లేదని అడిగేవాళ్లుండరు, మొక్కు ఇచ్చాడంటారు. పుణ్యం కూడా. ఐదు నెలలు నెత్తికి పూసిన మందు ఇవ్వలేని ధైర్యం ఆ ఒక్క ఫోను ఇచ్చింది. క్షవరం చేసే లక్ష్మన్న నంబరు తీసుకుని ముందే మాట్లాడుకున్నాను. నాకు మాత్రం గోడ చాటున కొట్టమన్నాను.

వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు. పెనుకొండ వస్తోంది. వెంట్రుక ఎటూ పోయిందే.

నువ్వూ బావా తప్పక రావాలి.

రియాజ్


ధర్మవరం,
ఏప్రిల్ 5.

రియాజూ,

నేను రాలేను. పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. మీ బావను పంపుతున్నాను.

నీ తెలివికి మెచ్చి ఒక్క లెక్క ఇస్తున్నా. గుండు తర్వాత వెంట్రుక నెలకు అర అంగుళం పెరుగుతుంది. నీకు పెరిగే చోట పెరుగుతుంది, పెరగని చోట పెరగదు. పెళ్లయిన మూడో నెలకు సైమా ముందు కూర్చుని ఏమని చెప్తావు? "మొక్కు సగమే తీరింది" అంటావా?

ఇన్నాళ్లూ మనుషులకు అబద్ధం చెప్పావు. ఇప్పుడు దర్గాకు పోయి కత్తి పట్టించి చెప్తానంటున్నావు. నాకు నీ మీద కోపం కాదురా, భయంగా ఉంది. దాచిపెట్టి బతకడం ఎంత అలుపో నీకు తెలియదు. గురువారం లోపల చెప్పు.

ఫర్హానా


పెనుకొండ,
ఏప్రిల్ 10, గురువారం.

అక్కకు,

సాబ్జాన్ మామ ఇంటి వసారాలో కూర్చుని రాస్తున్నాను. తల మీద టోపీ లేదు. గాలి తగులుతోంది.

పొద్దున పదికి దర్గా చేరాం. సమాధికి చాదరు కప్పాం, ఫాతెహా చదివారు, తీపి మలీద పంచారు. వేప చెట్టు కింద లక్ష్మన్న పీట వేశాడు. ముందు మామ కూర్చున్నాడు, ఆయన పక్కన బావ కూడా సరదాపడి తన వంతుకు కూర్చున్నాడు. నా వంతు కోసం నేను గోడ చాటున నిలబడ్డాను. అప్పుడు సైమా వచ్చింది. కొళాయి దగ్గర చెంబు కడుగుతున్నట్టు నిలబడి, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"మీతో రెండు మాటలు చెప్పాల. కోప్పడొద్దండి. ఈ పెండ్లి వద్దని ఈ పొద్దు మా నాయనకు చెప్పబోతాండా. ముందు మీకే చెబ్దామని వచ్చినా."

నా తల సంగతి తెలిసిపోయిందనుకున్నాను.

"నేను ల్యాబులో పని చేస్తాండా. మొగోళ్ల చెయ్యి పట్టుకుని రక్తం తీస్తా. మీరేమో నీళ్లు తాగేటప్పుడు గూడా టోపీ తీయరు. మీ అక్కను అడిగితే నమాజు బాగా చేస్తాడనింది. దీనులో అంత గట్టిగా ఉండేటోళ్లు నన్ను పనికి పోనిస్తారా? మా నాయనకు అది గొప్ప. నాకు నా పని కావాల. పోట్లాడి తెచ్చుకున్న పని."

అక్కా, నేను దేన్ని దాస్తే ఈ సంబంధం నిలుస్తుందనుకున్నానో, ఆ దాచడమే దీన్ని పోగొడుతోంది. టోపీ తీశాను. "దీనికోసం" అన్నాను.

ఆమె ముందు అర్థం కాక చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి, తల వంచమని చేత్తో సైగ చేసి, ల్యాబులో గాజు స్లైడు చూసినట్టు ముందూ వెనకా చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే. ఐదు నెలలు మందు పూస్తే ఈ మాత్రం."

"టోపీ దీనికా? దేవుని కోసం కాదా?"

"కాదు. ఫ్యాను కోసం."

ఆమె కొళాయి పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తెచ్చుకుంది. "నిశ్చితార్థం అయినప్పటి నుంచి ముద్ద దిగలేదు నాకు! దీనికా నేను ఏడ్చింది!" అని మళ్లీ నవ్వింది. పనికి పోవచ్చా అని అడిగింది. పొమ్మన్నాను. నా రక్తం కూడా తీసుకో, మళ్లీ నా తలలోకి మాత్రం ఎక్కించకన్నాను. అది ఆమెకు అర్థం కాలేదు. పెళ్లయ్యాక చెప్తాను.

ఇక గోడ చాటు అక్కర్లేదని నేరుగా పోయి పీట మీద కూర్చున్నాను. లక్ష్మన్న నా తల మీద నీళ్లు చల్లి, కత్తి పట్టుకుని, కాసేపు చూసి, ఊరందరికీ వినపడేలా అన్నాడు.

"దీనికి కత్తెందుకప్పా? తువాలు చాలు."

అందరూ గొల్లుమన్నారు. మామ మాత్రం నవ్వలేదు. గుండు మీద చందనంతో నా ముందుకు వచ్చి, "ఏమప్పా అల్లుడా, ఇదేంది?" అన్నాడు. కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే అంతా చెప్పేశాను. గోరంట్ల అవ్వ దగ్గర మొదలుపెట్టి పెళ్లిలో ఫ్యాను దాకా. ఆయన ముఖం వాడిపోయింది. అక్కడ నాకు నిజంగా సిగ్గేసింది. అటు తిరిగి కూతుర్ని చూశాడు. ఆమె ఇంకా నవ్వుతోంది. నిశ్చితార్థం తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారని వాళ్లమ్మ తర్వాత చెప్పింది.

మామ తన గుండును ఒకసారి తడుముకున్నాడు. ఆఖరికి "మొక్కు మొక్కే. ఉన్న కాడికియ్యి" అన్నాడు. ఇచ్చాను. రెండు నిమిషాలు పట్టింది.

భోజనాల దగ్గర మెల్లగా అడిగాడు: "రేపు ఫజర్‌కు ఫోను చేయాల్నా, వద్దా?" చేయమన్నాను. దొంగగా మొదలుపెట్టాను గానీ ఇప్పుడు అలవాటైపోయింది, ఆ పూట లేవకపోతే నాకే బాగుండదు. ఆ మాట విని ఇంకో ముక్క వేయించాడు.

ఒక్క సంగతి మిగిలింది. చివరిగా బావ గుండు అయ్యేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన జుట్టుకు లక్ష్మన్న రెండు బ్లేళ్లు మార్చాడు. "ఇది తలా, అడవా?" అని తిట్టుకున్నాడు. బావకు ఒక్క వెంట్రుక కూడా రాలలేదు.

ఆ సీసా ఎవరికక్కా?

రియాజ్


ధర్మవరం,
ఏప్రిల్ 16.

రియాజూ,

నీ ఉత్తరం చదివి స్టాఫ్ రూములో పెద్దగా నవ్వాను. చివరి లైను దగ్గర ఆగిపోయాను. శారదమ్మ వచ్చి "భూమి పోయిందా టీచరమ్మా?" అంది.

సీసా నాకే. మా స్టాఫ్‌లో ఆవిడ కూడా నేనే.

చిన్నవాడు పుట్టాక మొదలైంది. అందరికీ రాలుతుంది, మళ్లీ వస్తుందన్నారు. నాకు రాలేదు. పాపిడి వెడల్పు అయింది, మూడేళ్లకు నడినెత్తి కనిపిస్తోంది. నీకు తెలిసిన నా జడ జడ కాదు, సవరం. పొద్దున లేచి తలుపు గడియ పెట్టుకుని సవరం కట్టుకుని బడికి పోతాను. ఫ్యాను కింద కూర్చోను. వానలో తడవను. అమ్మ వచ్చి "రాయే, తల దువ్వుతా" అన్నప్పుడల్లా పేపర్లు దిద్దాలని తప్పించుకున్నాను. నా కూతురి జడ అని ఊరంతా చెప్పుకునే మనిషి చేతికి ఎలుక తోక ఇవ్వడానికి మనసు రాలేదు.

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనని నీకు రాశాను చూడు, ఆ రోజు సవరానికి కొత్త పిన్నులు కొనుక్కొచ్చాను. నిజం చెప్పు, నిజం చెప్పు అని నీకు మూడు ఉత్తరాలు రాశాను. ఆ మూడూ సవరం పెట్టుకునే రాశాను. నన్ను క్షమించు.

డాక్టరు మాట వినకుండా మగవాళ్ల మందు పూసుకున్నందుకు ఫలితం కూడా చెప్తాను. చెంపల మీద నూగు వచ్చింది. తల మీదికి రావలసింది దారి తప్పింది. పోయిన శనివారం అనంతపురం పోయి చూపించుకున్నాను. రక్తం తక్కువ ఉందట, దానికి మాత్రలు. మిగిలింది నాయన ఆస్తేనట. చూశావా, పంపకంలో మోసం జరగలేదు. నాకూ వాటా వచ్చింది. తక్కువ మోతాదు మందు ఇచ్చాడు. ఉన్నది నిలబడితే చాలన్నాడు. చాలన్నాను.

మీ బావకు మొదటి నుంచీ తెలుసు. మేకుకు వేలాడే సవరాన్ని మూడేళ్లు చూసి ఒక్క మాట అనలేదు. సీసా వచ్చిన రోజు మాత్రం "నా పేరు చెప్పినావా? సరేలే. నా తలకాయ దీనికైనా పనికొచ్చింది" అన్నాడు. దర్గాకు పోయి ఆ గుట్టు కాస్తా తనే బయటపెట్టుకొచ్చాడు. ఇప్పుడు గుండుతో ఇంట్లో తిరుగుతుంటే మా అత్తగారు ఎదురుగా వచ్చినప్పుడల్లా నవ్వుతోంది. బొమ్మ పంపే పని తప్పింది ఆమెకు.

నిన్న అమ్మకు ఫోను చేశాను. పెళ్లి రోజు ఆడపడుచుగా నాకు జడ వేయాలని ఆమెకు ఎప్పటి నుంచో ఆశ. వేయి అమ్మా, కానీ తక్కువ ఉందని చెప్పాను. ఎంత తక్కువే అంది. చెప్పాను. "మూడేండ్లు ఒక్కదానివే దువ్వుకుంటివా?" అంది. బడి గేటు దగ్గర నిలబడి ఏడ్చాను రియాజూ. ఎంత తేలికైందో నీకు చెప్పలేను. నీకే తెలిసి ఉంటుంది, నెత్తికి గాలి తగిలిందని రాశావు కదా.

పెళ్లికి సవరం తేవడం లేదు. పూలు చెప్పే పని నీది కాబట్టి ముందే రాస్తున్నా. సైమాకు ఎన్ని మూరలైనా తీసుకో. నాకు మల్లెలు జానెడు చాలు. నా జడ అంతే మోస్తుంది.

మీ అక్క,
ఫర్హానా